మాట లేకుండా తిరిగిన బండి

గొడవ కత్తెర దగ్గర మొదలైంది. యంగ్షిమ్ కిమ్చీ, అంటే ఊరబెట్టిన క్యాబేజీ, కోసుకునే కత్తెరతో ఆమె మొగుడు సాంగ్యు గ్రీజు గొట్టం మూతి కోశాడు. కోసి, కడిగి, తీసిన చోటే పెట్టాడు కూడా. పెట్టకుండా పారేసినా బాగుండేది. పొద్దున్న కిమ్చీ కోస్తూంటే ముక్క మీద నల్లటి చార కనిపించింది.

"హారిమ్ నాన్నా, దీన్ని దేంతో కడిగావు?"

"నీళ్ళతో."

"కడిగావా, నీళ్ళు చూపించి పెట్టేశావా?"

"చుక్క గ్రీజు పడితే ఎవరూ చావరు. నా పొక్లెయిన్ కీళ్ళు చూడు, రోజూ అదే తిని ఎంత నున్నగా తిరుగుతున్నాయో."

"అయితే ఆ బండినే కట్టుకోవలసింది."

"అడిగితే ఒప్పుకునేదే. ఎదురు మాట్లాడదు."

యంగ్షిమ్ నోరు మూసుకుంది. ఆ ఇంట్లో పోట్లాటలకి అరుపులుండవు. మాటలు ఆగిపోతాయి, అంతే. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళు ఓడినట్టు. పెళ్ళయిన కొత్తలో ఏడుపొచ్చేది ఆమెకి. ఇప్పుడు ఆ ఆటలో మొగుడికన్నా ఆమే గట్టిది.

మధ్యలో అత్తగారుంది. ఎనభై దాటిన మనిషి. ఇద్దరి మాటలూ అటూ ఇటూ మొయ్యడం ఆవిడకి మంచి కాలక్షేపం.

"అత్తయ్యా, సూప్ చల్లారిపోతోందని మీ అబ్బాయికి చెప్పండి."

"ఒరే, నీ సూప్ చల్లారిపోతోందిట."

"నాకు చల్లటి సూపే ఇష్టమని చెప్పమ్మా."

"వాడికి చల్లదే ఇష్టంట. నేనే కన్నాను, నాకీ సంగతి ఇవాళ తెలిసింది."

నర్సింగ్ చదువుతున్న కూతురు హారిమ్ గిన్నె అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

పనిలోకి ఇద్దరూ ఒకే వ్యానులో వెళ్ళారు. సాంగ్యు పొక్లెయిన్ నడుపుతాడు. యంగ్షిమ్ ఆ బండికి సిగ్నల్ మనిషి. మూడేళ్ళ క్రితం పాత సిగ్నల్ మనిషి మానేసినప్పుడు, కొత్తవాళ్ళెవరూ నచ్చక సాంగ్యు పెళ్ళాన్ని ట్రైనింగుకి పంపించాడు. అప్పటినుంచీ వాళ్ళది ఒకే ఒళ్ళు అని సైట్లలో చెప్పుకుంటారు. సాంగ్యు కూడా గొప్పగా చెప్పుకుంటాడు. "మిగతావాళ్ళకి అద్దాలుంటాయి. నాకు మా ఆవిడ ఉంది."

ఆ సైటు కొరియాలోని పూసాన్‌లో, పుజన్ బజారు వెనక సందులో, ఒక లాడ్జి గోడకీ ఒక పిండివంటల కొట్టు గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. రెండు అంతస్తుల సెల్లారు కోసం గొయ్యి తవ్వుతున్నారు. నాలుగు పక్కలా మట్టి కూలకుండా ఇనప గోడ, పైన ఆ గోడల్ని ఆపుతూ అడ్డంగా ఇనప దూలాలు. వాటి కింద, గోతి అడుగున, ఏనుగుని బావిలో దింపినట్టు సాంగ్యు బండి. అది మట్టి తవ్వి, పక్కకి తిరిగి, క్రేను తొట్టిలో పొయ్యాలి. తవ్వే చెయ్యి ఒక వైపు తిరిగితే బండి వెనకున్న ఇనప బరువు రెండో వైపు తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు దానికీ ఇనప గోడకీ మధ్య మిగిలేది జానెడు సందు. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ తవ్వే చేతినే చూస్తారు. మనుషుల్ని చంపేది మాత్రం ఆ వెనక భాగం.

అందుకే అక్కడ సిగ్నల్ మనిషి. ట్రైనింగులో నేర్పినది ఒకటే: సిగ్నల్ మనిషి వాకీటాకీలో "తిప్పు" అంటేనే బండి తిరగాలి. మాట లేకపోతే ఆగిపోవాలి.

ఈ ఇద్దరి దగ్గరా అది ఎప్పుడో తిరగబడింది. రోజంతా "తిప్పు, తిప్పు" అని ఎవరు అరుస్తారు? వెనక ఎవరైనా ఉంటే యంగ్షిమ్ "ఆగు" అంటుంది. ఏమీ అనకపోతే దారి ఖాళీ అని సాంగ్యు తిప్పేస్తాడు. ఎవరూ కూర్చుని అనుకున్నది కాదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ మధ్య చాలా సంగతులు ఇలాగే కుదురుతాయి.

ఆ పొద్దున్న సైటులో, పనికి ముందు రోజూ చేయించే కసరత్తుకి పాట పెట్టారు. కసరత్తయ్యాక అందరూ వరసలో నిలబడి ముందున్న వాళ్ళ భుజాలు పిసకాలి. యంగ్షిమ్ ముందు సాంగ్యు ఉన్నాడు. ఆమె అతని భుజాలమీద దుమ్ము దులుపుతున్నట్టు వేళ్ళతో రెండుసార్లు తట్టింది. వెనక నిలబడ్డ సర్వేయరు బోంగ్‌కి నవ్వొచ్చింది.

"అక్కా, అన్నయ్యకి ఇవాళ ఉపవాసమా?"

"ఊరుకో," అంది యంగ్షిమ్.

"పోనీలే, వెనక్కి తిరిగి నా భుజాలు గట్టిగా పిసుకు. మా ఇంట్లోనూ అదే పరిస్థితి."

బోంగ్ యాభై దాటిన మనిషి. ఎప్పుడూ చెవి వెనక ఒక మార్కర్ పెన్ను దోపుకుని తిరుగుతాడు.

పొద్దుటినుంచీ బండి వెనక్కి ఎవరూ వెళ్ళలేదు, యంగ్షిమ్‌కి వాకీటాకీలో మాట్లాడే పనీ పడలేదు. భోజనాల వేళ దగ్గరపడుతూండగా బోంగ్ నిచ్చెన దిగి గోతిలోకి వచ్చాడు. బండి వెనక గోడని చూపించాడు.

"అక్కా, గోడమీద లెవెల్ గీత ఒకటి గీసొస్తాను. వెళ్ళనా?"

యంగ్షిమ్ తలూపింది. బోంగ్ వంగి సందులోకి దూరాడు. సిగ్నల్ మనిషి తలూపితే ఇంక అతను వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

ఆమె వాకీటాకీ బొత్తాం నొక్కింది. నొక్కిన సంగతి ఆమెకి బాగా గుర్తు. "ఆగు" అనాలి. రెండక్షరాల మాట. ముందు మాట్లాడేది నేనా, అనిపించింది. అది ఆలోచన కూడా కాదు. ఇన్నేళ్ళుగా అలవాటైన పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి.

పైన కాబిన్‌లో సాంగ్యుకి ఏ మాటా వినపడలేదు. దారి ఖాళీ అనుకున్నాడు. బండి తిరిగింది.

అప్పుడు ఆమె అరిచింది. ఏమని అరిచిందో ఆమెకి తెలీదు, వాకీటాకీలోకి అరిచిందో గాలిలోకి అరిచిందో తెలీదు. పలకలు విరిగినట్టు టప్‌మని చప్పుడైంది. బండి ఆగింది.

పైన క్రేను కూడా ఆగిపోయింది. యంగ్షిమ్ చేతిలో వాకీటాకీ గరగరలాడింది.

"ఎవరు?" అన్నాడు సాంగ్యు.

ఆమె కాళ్ళు సందువైపు కదల్లేదు. కదిలితే చూడాలి.

"ఎవరు? యంగ్షిమ్, ఎవరు?"

సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత బోంగ్ మోకాళ్ళమీద పాకుతూ వచ్చాడు. అతని హెల్మెట్ మాత్రం గోడకీ ఇనప బరువుకీ మధ్య రెండు ముక్కలై ఇరుక్కుపోయి ఉంది. పెన్ను జారి కింద పడితే తియ్యడానికి కూర్చున్నాడట. హెల్మెట్ వదులుగా ఉండబట్టి తల అందులోంచి జారి బయటపడిందట. అదే చెప్తున్నాడు, నవ్వుతూ, మళ్ళీ మళ్ళీ.

"పెన్ను పడిందక్కా. తీద్దామని కూర్చున్నా. పెన్ను పడిందంతే."

ఎవరో నీళ్ళిచ్చారు. తాగుదామంటే పళ్ళు గ్లాసుకి కొట్టుకున్నాయి. అయినా నవ్వుతూనే ఉన్నాడు. "ఇవాళ క్యాంటీన్‌లో మాంసం కూరన్నారు కదా, అయిపోకుండా చూడండి."

సాంగ్యు కాబిన్ దిగలేదు. ఇంజను ఆపాడు కానీ చేతులు లివర్ల మీదనుంచి తియ్యలేదు. ఎవరో ఎక్కి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పదీయాల్సి వచ్చింది.

సైటు మేనేజరు పరుగున వచ్చాడు. హెల్మెట్ ముక్కలు చూశాడు, బోంగ్‌ని చూశాడు, యంగ్షిమ్ వైపు తిరిగాడు. "మీరు అరవబట్టి సరిపోయింది. లేకపోతే..." అని భుజం తట్టాడు.

బోంగ్ కూడా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అక్క కేక విన్నాకే అన్నయ్య ఆపాడు. అక్క వల్ల బతికాను."

ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. యంగ్షిమ్ దాన్ని విడిపించుకోలేదు, గట్టిగా పట్టుకోనూలేదు. అందరూ పైకెక్కాక ఆమె ఒక్కతీ మేనేజరు గది దాకా నడిచింది.

సాయంత్రం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. వేయించిన చేప, ముల్లంగి సూప్. అత్తగారికి ఏమీ తెలీదు. కొడుకు చేప వైపు చూడకపోవడం చూసి పొద్దుటి ఆట ఇంకా సాగుతోందనుకుంది.

"హారిమ్ అమ్మా, వాడికి చేప వద్దా అని అడగనా?"

"వద్దమ్మా," అన్నాడు సాంగ్యు. "ఇంక ఆ ఆట చాలు."

ఆవిడ కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది, స్పూను కింద పెట్టేసింది.

"బోంగ్‌కి దెబ్బలేం లేవన్నారు," అన్నాడతను బల్లకేసి చూస్తూ. "సోమవారం మళ్ళీ పని మొదలట. ఈసారి జాగ్రత్తగా ఉంటే చాలు. నువ్వు ప్రతిసారీ తిప్పు అను, అప్పుడే నేను..."

"నేను ఉండను."

అతను తలెత్తాడు.

"మేనేజరుకి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. బోంగ్‌ని లోపలికి పంపింది నేనే అనీ, బొత్తాం నొక్కి కూడా నోరు విప్పలేదనీ. ఎందుకు విప్పలేదో కూడా చెప్పాను."

"ఎందుకు విప్పలేదు?"

"నీతో ముందు మాట్లాడాల్సి వస్తుందని."

సాంగ్యు సూప్ గిన్నె పక్కకి జరిపాడు.

"సోమవారం నుంచి నీ బండికి ఇంకొకళ్ళు నిలబడతారు. మనిషిని చూడమని చెప్పే వచ్చాను."

"ముక్కూ మొహం తెలియని వాళ్ళని నమ్ముకుని గోతిలో బండెలా తిప్పను?"

"తిప్పకు," అంది యంగ్షిమ్. "వాళ్ళు నోరు విప్పి చెప్పేదాకా తిప్పకు. నా దగ్గరైతే మాట లేకపోయినా నువ్వు ఆగవు."