ఎనిమిది మూలల బిళ్ల

నిర్మలాదేవి వరండాలో చాప పరుచుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. సగం బుట్ట అయింది. వేళ్లు మండుతున్నాయి గాని ఆమె ధ్యాస కాయల మీద లేదు, ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు మీద ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన గఫూర్ అనే ముసలి మెకానిక్కు పొద్దుటి నుంచీ అక్కడ కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆమె భర్త వెంకటరామారావు పక్కనే టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన ఇవాళ గడ్డం గీసుకున్నాడు. రెండేళ్ల కింద గోదావరి నుంచి నీళ్లెక్కించే మోటారు కాలిపోయింది. చేను బీడు పడింది. అప్పటి నుంచీ మంచం, వరండా తప్ప ఆయనకు మరో చోటు లేకుండా పోయింది. బూర్గంపాడు బజారుకు వెళ్లడం కూడా మానేశాడు. ఆమె ముందున్న బుట్టలోని కాయలు కూడా సంతలో కొన్నవే. హైదరాబాదులో పాతకార్లు కొనే పెద్దమనిషి నుంచి ఉత్తరం వచ్చాకే ఆయన మళ్లీ నాలుగు మాటలు మాట్లాడటం మొదలుపెట్టాడు. కారు అమ్మితే కొత్త మోటారు వస్తుంది, ఈ ఏడే చేను తడుపుతాను అన్నాడు.

అయితే ఆ పెద్దమనిషి ఒక షరతు పెట్టాడు. కారు పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లానే ఉండాలి. చట్రం, ఇంజను, చెక్క, అన్నీ దానివే కావాలి. అది తేల్చడానికే గఫూర్‌ను పంపాడు.

రెండే సీట్లున్న ఇంగ్లీషు కారు అది. గనుల్లో కొలువు చాలించి ఓడెక్కబోతున్న ఒక దొర దగ్గర వెంకటరామారావు తండ్రి కొన్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున భూమి చేసుకున్న ఆ మనిషికి, ఎవరి సొమ్మూ ముట్టడన్న పేరుండేది. ఆ పేరు, ఈ కారు, రెండూ కొడుక్కు మిగిలాయి.

గఫూర్ కారు కింద నుంచి పాకుతూ బయటికి వచ్చాడు. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని మడ్‌గార్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు. ఎక్కడా జారలేదు.

"లోపల మైనం, పుట్టీ ఏం లేదు సార్. అంత రేకే," అన్నాడు. తలుపు పక్కన తోలు పైకెత్తి, రేకుకు లోపలి ఆధారంగా ఉన్న చెక్క మీద గోరుతో గీశాడు. "గీ చెక్కతోనే పరేషాన్. బాగుచేసినోళ్లు ఏ ఊళ్లె ఉంటే ఆ ఊరి కట్టె ఏస్తరు. మీకాడ టేకు మస్తుగ దొరుకుతది."

వాకిలి ఊడుస్తున్న కొండమ్మ చీపురు పట్టుకుని అక్కడే ఆగింది. అడవిలోపలి గూడెం ఆమెది. చేను పండినప్పుడు కలుపుకు వచ్చేది. చేను బీడు పడ్డాక ఇంటి పనికి వస్తోంది.

"కొండమ్మా, ఇట్రా. ఇదేం కట్టో చెప్పు," అన్నాడు వెంకటరామారావు.

ఆమె వంగి వేలితో తడిమింది, వాసన చూసింది. "టేకు గాదు. ఏగిస గాదు, మద్ది గాదు. ఇది మా అడివిది గాదు అయ్యా."

"గట్లయితే ఇంగ్లాండుదే," అని నవ్వాడు గఫూర్.

"ఇద్దరే కూసునే బండి గదా. దొరలకు పిల్లలుండరా ఏంది?" అంది కొండమ్మ.

"ఉంటరు. బోర్డింగు బడుల పడేస్తరు," అన్నాడు గఫూర్.

వెంకటరామారావు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని నిర్మలాదేవి చేతిలోని కాయ అట్లానే పట్టుకుని ఉండిపోయింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని.

తర్వాత గఫూర్ చట్రం మీద నంబరు కొట్టిన చోట మురికి గీకి, తెల్లకాగితం అదిమిపెట్టి, పెన్సిలు అడ్డంగా రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. దొర ఇచ్చిపోయిన రిజిస్ట్రేషను పుస్తకం పక్కన పెట్టి చూశాడు.

"బరాబర్ ఉంది. ఇగ ఇంజను నంబరొక్కటే."

వెంకటరామారావు వరండా వైపు తిరిగి, "నిర్మలా, టీ పెట్టు," అన్నాడు.

ఆమె మూడు గ్లాసులతో షెడ్డులోకి వచ్చేసరికి కారు బానెట్ లేచి ఉంది. ఇంజనంతా నల్లగా జిడ్డుకట్టి ఉంది. పక్కన అరచేతిలో సగముండే ఎనిమిది మూలల ఇత్తడి బిళ్ల ఒక్కటే దేవుడి గదిలో దీపపు కుందిలా మెరుస్తోంది. గఫూర్ దాని మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతున్నాడు. కాగితం నల్లబడుతోంది. అంకె ఒక్కటీ లేవలేదు. ఇంకో కాగితం తీశాడు. అదీ అంతే.

కళ్లజోడు తీసి తుడుచుకుని, బిళ్ల మీద బొటనవేలు ఆడించాడు.

"సార్, ఇది ఎవలో గీకిండ్రు."

"గీకడమేంటి?"

"నంబరు ఈ బిళ్ల మీదనే కొడ్తరు. ఇంకేడ ఉండదు. బిళ్ల ఊడి పోయిందంటె సరే అనుకోవచ్చు. బిళ్ల ఉండి నంబరు లేదంటె, వేరే బండి ఇంజను ఏసి తెల్వకుండ చేసిండ్రని అంటరు."

"మా నాయన దొంగ ఇంజను కొన్నాడంటావా?"

"నేను అంటలే సార్. చూసినోడు ఎవడైనా అదే అంటడు."

నిర్మలాదేవి గ్లాసులు మడ్‌గార్డు మీద పెట్టింది. మాట్లాడకపోతే ఈ నింద చచ్చిపోయిన మామగారి మీద పడుతుంది. మాట్లాడితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు.

"ఎవరూ గీకలేదు. నేనే తోమాను," అంది.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"దసరా ఆయుధపూజకు. పెళ్లయిన ఏడాది నుంచి. చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేదాన్ని. మొదట్లో అంకెల సందుల్లో కుంకుమ ఇరుక్కునేది, చీపురుపుల్లతో తీసేదాన్ని. తర్వాత తర్వాత ఇరుక్కోవడం మానేసింది. పని తేలికైందనుకున్నాను."

"ఎన్నేండ్లమ్మా?"

"పంతొమ్మిది."

గఫూర్ బానెట్ అంచుకు ఆనుకున్నాడు. "నంబరు గుర్తుందా?"

"ఇంగ్లీషు అక్షరాలు ముందు నాలుగుండేవి. చివర్న ఏడు. ఏడు కాలు పొడుగ్గా ఉండి పుల్లకు బాగా అందేది."

అతను పుస్తకం తెరిచి చూశాడు.

"ఏడే ఉంది," అన్నాడు మెల్లగా. "నేను నమ్ముతున్న. మీ మామ మంచోడే, బండి మంచిదే. కాని నీ గుర్తు కాయితం కాదు గదమ్మా. కొనేటాయనకు నేనేం చూపియ్యాలె?"

అతను టీ తాగాడు, సామాను సంచిలో సర్దుకున్నాడు. నంబరు తేలిన కాగితం, తేలని కాగితం రెండూ మడిచి పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని వెంకటరామారావు చేతికిచ్చాడు. "గిట్లయితే ఆయన కొనడు సార్. విప్పి విడి సామాన్లకైతే అడిగేటోళ్లుంటరు, చెప్పమంటరా?" అని అడిగాడు. వెంకటరామారావు తల అడ్డంగా ఊపాడు. భద్రాచలం నుంచి వచ్చే ఖమ్మం బస్సు అందుకోవాలని గఫూర్ వెళ్లిపోయాడు. కొండమ్మ తట్ట పట్టుకుని గొడ్లపాక వైపు నడిచింది.

ఇద్దరే మిగిలారు. ఆయన తిడతాడని నిర్మలాదేవి ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. ఆయన బిళ్ల వైపే చూస్తున్నాడు. ప్రతి దసరాకీ ఆ బిళ్ల ఎదుటే ఆయన కొబ్బరికాయ కొట్టేవాడు. వచ్చినవాళ్లందరినీ పిలిచి, మా ఆవిడ చేతిలో ఇత్తడి బంగారమవుతుంది, చూడండి అనేవాడు. ఒక ఏడాది జ్వరం వచ్చి ఆమె తోమలేకపోతే, ఈసారి కళ లేదే అన్నాడు. మర్నాడు ఆమె లేచి తోమింది. అవన్నీ ఆయనకూ గుర్తొస్తున్నాయని ఆమెకు అర్థమైంది. అందుకే ఆయన నోట తిట్టు రావడం లేదు.

"చల్లారిపోయింది, టీ మళ్లీ కాచనా?" అంది.

ఆయన బానెట్ దించాడు. ఇంట్లోకి వెళ్లి రిజిస్ట్రేషను పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె వెనకే వెళ్లి నడవాలో నిలబడింది. మధ్యాహ్నం కాలేదు. అన్నం వార్చలేదు. కూర ఏం చేయాలో అడగాలనుకుంది. అడిగితే ఏదో ఒకటి అంటాడేమో, ఒక్క మాట బయటికొస్తే తక్కినవీ వస్తాయేమో అనుకుంది. కాని పక్కకు జరిగి దారిచ్చింది.

ఆయన కండువా భుజాన వేసుకుని ఆమె పక్కనుంచే నడిచి వరండాలోకి వచ్చాడు. మిరపకాయల చాప తొక్కకుండా చుట్టూ తిరిగి మెట్లు దిగాడు. చెప్పులు తొడుక్కున్నాడు. ఆమె వైపు చూడకుండా, రెండేళ్లుగా దాటని గేటు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.