పలక వెనక ముఖం

ప్రసూన టీచరు ఫోను బయటికి తీసిందంటే చాలు, అడవి మధ్య పల్లె రాళ్ళవాగు గుంపు బడిలో పిల్లలంతా జుట్టు సర్దుకుని, కారే ముక్కులు చేత్తో తుడుచుకుని, బిగుసుకుని కూర్చునేవాళ్ళు. రోజూ హాజరు ఫోటో తీసి పైకి పంపాలని ఆఫీసు వాళ్ళ హుకుం. పిల్లలకు చదువు వచ్చిందా లేదా అని అడిగే నాథుడు లేడు గానీ, ఫోటో ఒక్కరోజు ఆలస్యమైతే ఫోన్ల మీద ఫోన్లు. ఆ ఫోటోలన్నిటిలోనూ రెండో వరస చివర కూర్చున్న పిల్లకు ముఖం ఉండదు. ముఖం ఉండాల్సిన చోట నల్లటి పలక ఉంటుంది. ఆ పిల్ల పేరు జమున, రెండో తరగతి.

అట్లా పలక అడ్డం పెట్టుకొమ్మని నేర్పింది వాళ్ళమ్మ కన్నమ్మ.

కిందటేడు మిరపకాయలు ఏరడానికి ఇల్లందు వైపు నుంచి కూలీల ట్రాలీ ఒకటి వచ్చింది. అందులోంచి దిగారు తల్లీకూతుళ్ళు. తోటలన్నీ ఏరడం అయిపోయి ట్రాలీ తిరిగి వెళ్ళేనాడు అందరూ ఎక్కారు, వీళ్ళిద్దరూ ఎక్కలేదు. గుంపు పెద్ద పగిడయ్య వీళ్ళ సంగతి కనుక్కుని, తన చేను గట్టున ఉన్న పాకలో ఉండమన్నాడు. ఆ సంగతి ఏమిటో కన్నమ్మ ఎడమ చెయ్యి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. మొగుడు విరగ్గొట్టిన చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది. మిరపకాయలు ఒంటి చేత్తోనే ఏరుతుంది.

పిల్లను బడిలో వెయ్యడానికి వచ్చినరోజు ఆమె లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"కాయితాలేం లేవు టీచరమ్మా. పానాలు దక్కించుకోని వచ్చినం. పిల్లకేమో చదువంటే మస్తు ఇష్టం," అంది.

"కాగితాల సంగతి నేను చూసుకుంటాలే. ముందు పిల్లను లోపల కూచోబెట్టు," అంది ప్రసూన.

"ఒక్కటే అడుగుత టీచరమ్మా. ఫోటోలల్ల మాత్రం పిల్ల ముఖం కనబడొద్దు. ఆయన లారీ తోల్తడు, ఊరూరు తిరుగుతడు. ఎప్పుడు చూసినా ఆ ఫోన్లనే ఉంటడు. మేం యాడున్నమో తెలిస్తే వచ్చి పట్టుకపోతడు."

"కనపడదు. పూచీ నాది," అంది ప్రసూన.

ప్రసూన మంచి మనిషి. అది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ జరిగింది చెడ్డవాళ్ళు చేసిన పని కాదు. చెడ్డవాళ్ళు చేస్తే నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. సత్తుపల్లి దగ్గర పొలం పుట్రా ఉన్న ఇంటి పిల్ల, చర్లలో కిరాయి గది తీసుకుని, వానాకాలం వాగులో స్కూటీ తోసుకుంటూ వచ్చి పాఠం చెప్పేది. బదిలీ చేయించుకోమని ఇంట్లో వాళ్ళు ఎంత పోరినా వినలేదు. కన్నమ్మకు ఇచ్చిన మాట కూడా ఏడాది పొడుగునా నిలబెట్టుకుంది. ఆ ముఖం లేని పిల్ల ఎవరని ఆఫీసు వాళ్ళు అడిగితే, సిగ్గు సార్, ఎంత చెప్పినా వినదు అని నవ్వేసేది.

ఆ అడవిలోకి రోడ్డు కన్నా ముందు ఫోను వచ్చింది. పెద్దవాళ్ళు తోటలకు పోతే అది పిల్లల చేతిలో ఉంటుంది. మూడో తరగతి పిల్లాడొకడు ఫోనులో ఆట ఆడుతూ, ఆటలో స్నేహం చేసిన ఎవడికో ఇంటిల్లిపాది పేర్లూ ఫోటోలూ పంపేశాడు. ఆ తర్వాత పిల్లలు చూడకూడని బొమ్మలు ఆ ఫోనుకు రావడం మొదలైంది. ఆ సంగతి ప్రసూనకు తెలిసింది. మర్నాడు పుస్తకాలు పక్కన పెట్టేసి, ఇవ్వాళ పాఠం లేదు, ఆట అంది.

ఆట కిటికీ దగ్గర. కిటికీ అంటే ఫోను. పిల్లలు లోపల, ముక్కూ ముఖం తెలియనివాడు బయట. ప్రసూన తలకు తువ్వాలు చుట్టుకుని, బయటికి వెళ్ళి, కిటికీ ఊచల్లోంచి తొంగి చూసింది.

"పాపా, ఎంత ముద్దుగున్నవ్! నీ పేరేంది?" అంది గొంతు మార్చి.

"చెప్పం!" అని అరిచారు పిల్లలు.

"మీ బడి ఏది?"

"చెప్పం!"

"చాక్లెట్లిస్త. ఒక్క ఫోటో పంపుతవా?"

చాక్లెట్ల దగ్గర కాస్త గొంతులు తగ్గాయి. ఒకటో తరగతి పిల్ల ఒకతి ఎన్ని ఇస్తవ్ అని కూడా అడిగింది. ప్రసూన పకపకా నవ్వేసి లోపలికి వచ్చి అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుంది.

"ఫోటో ఒకసారి మన చెయ్యి దాటిందంటే ఇంక మనది కాదర్రా. మనవాళ్ళకే కదా పంపామనుకుంటాం. మనవాళ్ళకు మళ్ళీ వాళ్ళవాళ్ళు ఉంటారు. అట్లా అట్లా ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరి ఫోటో అయినా సరే, అడగకుండా తియ్యకూడదు, అడగకుండా పంపకూడదు. అర్థమైందా?"

అయింది అన్నారు పిల్లలు. మళ్ళీ ఆడదామన్నారు. ఈసారి కిటికీ దగ్గరికి వచ్చింది జమున. ఏడాదిలో ఆ పిల్ల గొంతు బడిలో గట్టిగా వినపడింది లేదు. అటువంటిది నడుం మీద చెయ్యి వేసుకుని ఊచల దగ్గర నిలబడింది.

"ముందుగాల నువ్వెవలో చెప్పు. మా అమ్మను అడగకుంట నేనేం చెప్ప. మా టీచర్‌కు చెప్త నీ సంగతి. పో!" అని కిటికీ తలుపు ఠపీమని మూసేసింది.

లోపల పిల్లలు ఒకటే గోల. మూసిన కిటికీ అవతల ప్రసూన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. లోపలికి వచ్చేసరికి జమున పలక మీద పెద్ద అక్షరాలతో 'చెప్పను' అని రాసి, గుండెలకు ఆనించి పట్టుకుని నవ్వుతోంది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయిన నోరు, ఇంత వెడల్పు నవ్వు. ఆ పిల్ల అట్లా నవ్వగా ప్రసూన ఎప్పుడూ చూడలేదు. చెయ్యి తనంతట తనే ఫోను తీసింది. పలక పైకి లేవలేదు. టీచరు దగ్గర భయమేమిటని అనుకుందేమో పిల్ల. పిల్ల వెనక గోడ మీద నీలం రంగుతో బడి పేరు, ఊరు పేరు, మండలం పేరు రాసి ఉన్నాయి.

ఫోటో తియ్యడం ఒక తప్పయితే, అక్కడితో ఆగినా సరిపోయేది. బడిలో సిగ్నల్ ఉండదు. ఏది పంపాలన్నా బోరింగు పంపు దాకా నడిచి వెళ్ళాలి. ఆ నడకలో ఆమెకు కన్నమ్మ మాట గుర్తుకు రాకపోలేదు, వచ్చింది. కానీ దాని కన్నా ముందు ఇంకో మాట గుర్తుకొచ్చింది. కిందటి నెల మీటింగులో పక్కన కూర్చున్నాయన, ఆ అడవి బళ్ళల్లో పిల్లలకు ఏం వస్తదండీ, కూచోబెట్టి అన్నం పెట్టుడే గదా అన్నాడు. అప్పటినుంచి అది ముల్లులా గుచ్చుతూనే ఉంది. చూడండయ్యా మా పిల్లలను అని చూపించాలనిపించింది. టీచర్ల గ్రూపే కదా, అందరూ మనవాళ్ళే కదా అనుకుంది. ఆన్‌లైన్‌లో జాగ్రత్తగా ఉండటం నేర్చుకుంటున్న మా చిన్నారి అని కింద రాసి పంపేసింది.

సాయంత్రానికి పొగడ్తలే పొగడ్తలు. ఒకాయన దాన్ని ఇంకో గ్రూపులో వేశాడు. అక్కడి నుంచి ఎవరో ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. మూడోనాడు ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, నీ స్టూడెంట్ ఫేమస్ అయిపోయిందే అంటే గానీ ప్రసూనకు సంగతి తెలియలేదు. గ్రూపులో తీసేసింది. ఆ పేజీ వాళ్ళను తీసెయ్యమని బతిమాలింది. ఇంత బాగుంటే ఎందుకు మేడం తియ్యడం అన్నారు వాళ్ళు.

అప్పుడైనా పరుగెత్తుకెళ్ళి కన్నమ్మకు చెప్పి ఉంటే, ఆమె పిల్లను చంకనేసుకుని గోదావరి దాటో, అడవి దాటో ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి ఉండేది. ప్రసూన చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు. రేపు చెబుదాం అనుకుంది. రేపు వచ్చింది, ఏమీ జరగలేదు. ఆ మర్నాడూ ఏమీ జరగలేదు. ఇంత లోకంలో వాడి కంటనే పడుతుందా అని తనకు తనే నచ్చచెప్పుకుంది. బుద్ధి ఉన్నవాళ్ళకే ఇటువంటి ధైర్యాలు వస్తాయి.

తర్వాతి వారం పిల్లలు ఎక్కాలు చదువుతుండగా బోరింగు దగ్గర మోటారు సైకిలు ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి, చేతిలో బిస్కెట్ల కవరు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నమస్తే మేడం. నా పేరు రవీందర్. జమున మా బిడ్డ," అని ఫోను ముందుకు చాపాడు. అందులో ఆ నవ్వే ఉంది. రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి వెనక గోడ చూపించాడు. "పేరు మంచిగ రాయించిన్రు మేడం. వెతుక్కునే పని లేకుండ అయింది."

ప్రసూన వెనక్కి తిరిగి చూసింది. రెండో వరస చివర నల్లటి పలక పైకి లేచి ఉంది.

"వాళ్ళమ్మ రాకుండా పిల్లను పంపను," అంది ప్రసూన గుమ్మానికి అడ్డం నిలబడి.

"రానియ్యండి మేడం. ఆమె కోసమే గదా వచ్చింది," అన్నాడు అతను నెమ్మదిగా. ఆమెను పక్కకు జరిపి లోపలికి వెళ్ళాడు. పలకతో సహా పిల్లను ఎత్తుకొచ్చి, బండి మీద ముందు కూర్చోబెట్టి, వెనక తను ఎక్కాడు.

"పోలీసులకు ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. పెండ్లాం బిడ్డ తప్పిపోయిన్రని కంప్లైంట్ ఇచ్చిందే నేను."

పిల్లలు అప్పటికే తోటల వైపు పరుగెత్తారు. కాసేపటికి పగిడయ్య, అతని వెనక పదిమంది మగవాళ్ళు, అందరికన్నా వెనక కన్నమ్మ వచ్చారు. ఆమె మిరప ఘాటుకు ఎర్రగా ఉబ్బిన చేతిని చీర కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. బండినీ, బండి మీద పిల్లనూ చూసి ఆగిపోయింది.

"ఈ బండి ఈడికెల్లి కదలదు," అన్నాడు పగిడయ్య. "నువ్వు ఇంట్లకు పో బిడ్డా. మేం చూసుకుంటం."

"వద్దు పెద్దయ్యా," అంది కన్నమ్మ. "ఇయ్యాల ఆపుతరు. రేపు మీరంత తోటలకు వోతరు. ఈ జాగ ఆయనకు ఎర్కయింది గదా, ఇంక ఎన్నిసార్లు ఆపుతరు? పిల్ల ఆయన చేతుల ఉన్నది." మొగుడి వైపు తిరిగి, "బట్టలు తెచ్చుకుంట," అని పాక వైపు వెళ్ళింది.

పగిడయ్య రవీందర్‌ను నిలదీసి గట్టిగా మాట్లాడుతున్నాడు. ఒట్లు వేయించుకుంటున్నాడు. రవీందర్ అన్నిటికీ తల ఊపుతున్నాడు. ప్రసూన పిల్ల గౌను గుండీ పెట్టే సాకుతో బండి దగ్గరికి వెళ్ళింది. జమున తల వంచి ఆమె చెవిలో గుసగుసగా అంది.

"టీచర్, అమ్మకు చెప్పకుండ్రి. ఆ రోజు పలక అడ్డం పెట్టుకోలేదు నేను."

"కాదమ్మా. నీ తప్పేం లేదు. ఫోటో తీసింది నేను. పంపింది కూడా నేనే."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. తనను ఓదార్చడానికి టీచరు అబద్ధం చెబుతోందని అనుకుంది కాబోలు, తల అడ్డంగా ఊపింది.

"మీరెందుకు పంపుతరు టీచర్? పంపొద్దని మాకు చెప్పిందే మీరు గద." ఒళ్ళో ఉన్న పలక తీసి ఆమె చేతికిచ్చింది. "ఇది బడిది."

కన్నమ్మ బట్టల మూట పట్టుకుని వచ్చింది. ప్రసూన పలక పట్టుకునే ఆమెకు ఎదురు వెళ్ళింది. చెప్పకపోయినా ఎవరూ అడగరు. కన్నమ్మకు ఆ ఫోటో సంగతే తెలియదు, ఏ లారీ వాడో చూసి చెప్పి ఉంటాడని అనుకుంటోంది. పిల్ల కూడా చెప్పదు, తప్పు తనదేనని జీవితాంతం అనుకుంటూ నోరు మూసుకుంటుంది. అది మాత్రం ప్రసూన భరించలేకపోయింది.

"కన్నమ్మా, ఆయన నా వల్లే వచ్చాడు. జమున ఫోటో నేనే తీశాను. నేనే గ్రూపులో పెట్టాను. అది బయటికి పోయిందని తెలిసి కూడా నీకు చెప్పలేదు. పిల్లను ఏమీ అనొద్దు."

కన్నమ్మ ఆమెను తేరిపార చూసింది. తిడితే బాగుండునని, ఒక్క దెబ్బ కొట్టినా బాగుండునని అనిపించింది ప్రసూనకు. కన్నమ్మ మూటను వంకర చేతిలోకి మార్చుకుంది. మంచి చేత్తో బండి వెనక కడ్డీ పట్టుకుంది.

"ఒక్కటే అడిగిన టీచరమ్మా," అని బండి ఎక్కింది.