మధ్యలో గట్టిపడని మొక్కజొన్న

ఇరవై రెండేళ్ళుగా నేను ఓవెన్లు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఏ ఓవెన్లోనూ ఒక్క వంటకం కూడా చేసి ఎరగను. అది లోటని నాకెప్పుడూ తోచలేదు. బూట్లు కుట్టేవాడు పరుగు పందెంలో గెలవాలా ఏమిటి అనుకునేవాణ్ణి.

ఎవరింటికి వెళ్ళినా నా పద్ధతి ఒకటే. ఖాళీ ఓవెన్ వెలిగించి, వేడి కొలిచే మీటరు తీగ లోపల పెడతాను. పది నిమిషాల్లో ముల్లు నూట ఎనభై డిగ్రీల దగ్గర నిలబడిందా, పని అయిపోయినట్టే. "ఓవెన్ బాగానే ఉందమ్మా. తేడా చేతిలో ఉంది" అని చెప్పి, పనిముట్ల పెట్టె మూసేసి బయటపడతాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు పెద్ద డాక్టరు గొంతులా ఉంటుందని నా నమ్మకం. మా ఆవిడ మాత్రం, రైలు వెళ్ళిపోయిందని చెప్పే గుమాస్తా గొంతులా ఉంటుందంటుంది.

ఒక ఆదివారం మా మరదలి ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. మా ఆవిడ తనకు బాగా కుదిరే మొక్కజొన్న బేక్ చేసి తెచ్చింది. మొక్కజొన్న గింజల్లో పాలు, గుడ్లు, వెన్న కలిపి, పైన చీజ్ తురిమి, ఓవెన్లో పెట్టి తీస్తుంది. మాంసం పక్కన నంజుకోవడానికని తెస్తుందిగానీ, మా తోడల్లుడు దాన్నే అసలు భోజనంగా చేసుకుంటాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని అతనికి. మూడోసారి వడ్డించుకుంటూ, "వదినా, నీ చేతిలో ఏదో ఉంది" అన్నాడు.

నా నోరు ఊరుకుంటేగా! "చేతిలో ఏముందయ్యా? కలిపి లోపలికి తోస్తే మిగతాదంతా ఓవెనే చేసుకుంటుంది" అన్నాను.

మా ఆవిడ నింపాదిగా మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"అయితే వచ్చే ఆదివారం భోజనాలు మా ఇంట్లో. ఓవెన్ పని ఓవెన్ చేసుకుంటుంది. లోపలికి తోసే పని మీరు చెయ్యండి" అంది.

మరదలు చప్పట్లు కొట్టింది. తోడల్లుడు నా భుజం తట్టి, "భయపడకు అన్నయ్యా, నేను ఇంట్లో ఏదో ఒకటి తినే వస్తాలే" అన్నాడు.

శనివారం పొద్దున్నే రిహార్సల్ మొదలుపెట్టాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు తెరిచింది. ఒక్క సలహా ఇస్తే ఒట్టు. కండెలు ఉడకబెట్టి కత్తితో ఒలుస్తుంటే గింజలు తూటాల్లా ఎగిరాయి. కొన్ని ఫ్రిజ్ కిందికి పోయాయి, కొన్ని నా మీద పడ్డాయి, బుద్ధిమంతులైనవి గిన్నెలో పడ్డాయి. ఎక్కువ పడుతుందని ఇంట్లోకెల్లా లోతైన గిన్నె తీసుకున్నాను. పాలూ గుడ్లూ ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే కలిపాను. గింజలకు అంటిన నీళ్ళు వంపాలని కూడా తోచలేదు. మీటరు మాత్రం పెట్టాను. ముల్లు నూట ఎనభై దగ్గర నిలబడింది. ఇక నాకేం భయం?

ముప్పై అయిదు నిమిషాలకు పైన బంగారు రంగు తిరిగింది. ఛాతీ విరుచుకుని మా ఆవిణ్ణి పిలిచాను. ఆమె చెంచా గుచ్చింది. పై పొర ఫెళ్ళున విరిగి, లోపలినుంచి పచ్చటి పాలు పైకి ఉబికాయి.

"సూప్ చేస్తానని ముందే చెబితే కప్పులు తెచ్చేదాన్నిగా" అంది.

మళ్ళీ లోపల పెట్టి మరో నలభై నిమిషాలు ఉంచాను. పైన బొగ్గయింది. కింద గుడ్లు విరిగిపోయి, నీళ్ళు వేరుగా, ముద్ద వేరుగా తేలాయి. అప్పుడు నాకు చేతనైన పని ఒక్కటే చేశాను. చల్లారాక ఓవెన్ని బయటికి లాగి, వెనక మరలు విప్పి, నేలమీద చతికిలబడ్డాను. వేడినిచ్చే కడ్డీలు, ఫ్యాను, తలుపు రబ్బరు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎంత వెతికినా నేరం మోపడానికి ఒక్కటీ దొరకలేదు.

మా ఆవిడ పేపరు మడిచింది. "ఓవెన్ బాగానే ఉందండీ. తేడా చేతిలో ఉంది" అంది. నవ్వుతూ అన్నా బాగుండేది. నవ్వలేదు.

ఆ మాట చెవిన పడగానే నాకు లెక్కల టీచరు గుర్తొచ్చారు. మా ఇంటికి మూడు వీధుల అవతల, మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారు. రిటైరై చాన్నాళ్ళయింది. ఈ వంటకమే మధ్యలో గట్టిపడటం లేదని పోయినేడు నన్ను మూడుసార్లు పిలిపించారు. మూడుసార్లూ నా పది నిమిషాల పరీక్ష చేసి, నా మాట నేను చెప్పి వచ్చేశాను. నాలుగోసారి ఆమె పిలవలేదు. నా వైద్యం పనిచేసిందనుకున్నాను.

ఇప్పుడు ఆ వంటకం తెలిసిన మనిషి, మా ఆవిడ కాకుండా, నాకు ఆమె ఒక్కరే. పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను.

"ఇటుగా పోతూ... మీ ఓవెన్ ఎలా ఉందో చూసిపోదామని వచ్చానండీ" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "పిలవందే రాని మనిషివి. ఆ చెవి వెనక మొక్కజొన్న గింజేమిటి బాబూ?"

తడుముకుంటే నిజంగానే ఉంది. ఇక లాభంలేదని జరిగిందంతా చెప్పేశాను.

"లోతు గిన్నెలో పెట్టావా?"

"అవునండీ."

"పాలు చల్లగానే పోశావా?"

"అవునండీ."

"గింజలు సగమన్నా నలిపావా?"

"నలపాలా అండీ?"

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "లోపలికి రా. నేను చెప్తాను, నువ్వు చెయ్యి. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నా. నా ఓవెన్లో ఇది మధ్యలో గట్టిపడదు. బాగానే ఉందని నువ్వు సర్టిఫికెట్ ఇచ్చావనుకో."

సగం గింజలు నలిపాను, సగం అలాగే వదిలాను. పాలు గోరువెచ్చగా కాచాను. వెడల్పాటి పళ్ళెంలో పోసి ఓవెన్లో పెట్టాను. అలవాటు కొద్దీ పళ్ళెం కిందికి మీటరు తీగ తోశాను. పది నిమిషాలకు నూట ఎనభై. "చూశారా!" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. వెళ్ళిపోవడానికి వీల్లేదు కనుక స్టూలు మీద కూర్చున్నాను. వృత్తిలోకి వచ్చాక ఒక ఓవెన్ ముందు పది నిమిషాలు దాటి కూర్చోవడం అదే మొదటిసారి.

ఇరవై నిమిషాలు దాటాక ముల్లు కదిలింది. నూట డెబ్బై. నూట యాభై. ఇంకా కిందికి. వంగి అద్దంలోంచి చూశాను. పై కడ్డీ ఎర్రగా వెలుగుతోంది, కింది కడ్డీ నల్లగా చచ్చిపడి ఉంది. సంగతి అర్థమైంది. కింది కడ్డీ లోపలి తీగలో సన్నని పగులుంది. బాగా వేడెక్కితే తీగ సాగి అక్కడ విడిపోతోంది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటోంది. నేను వచ్చినప్పుడల్లా ఓవెన్ చల్లగా ఉండేది. అది పాడయ్యే వేళకు నేను ఇంకో ఇంట్లో ఇంకొకరి చేతికి వంక పెడుతూ ఉండేవాణ్ణి.

"టీచరు గారూ, తప్పు నాదండీ. మీ ఓవెన్ పాడైంది. పోయినేడే పాడైంది" అన్నాను.

"పది నిమిషాల లెక్క చేసి నలభై నిమిషాల జవాబు రాశావన్నమాట. మా పిల్లలు అలా రాస్తే సున్నా వేసేదాన్ని" అన్నారు.

అక్కడితో ఆపి ఉంటే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. కానీ ఆమె పొయ్యి గట్టు మీద చెయ్యి ఆనించి, నావైపు చూడకుండానే అన్నారు: "నా చెయ్యే పోయిందనుకున్నాను. వయసు మీద పడిందిగదా అని. మనవళ్ళకి కేకులు చెయ్యడం కూడా మానేశాను."

తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. తల ఎత్తలేకపోయాను. మెట్లు దిగి షాపుకు పరుగెత్తి కొత్త కడ్డీ తెచ్చాను. ఆ ఓవెన్ ఒక మాదిరిగా చల్లారేదాకా ఆగి, పాతది పీకి, కొత్తది బిగించాను. రెండో పళ్ళెం పెట్టి, ఈసారి ఇద్దరం చెరో కుర్చీలో కూర్చున్నాం. నలభై నిమిషాలకు ఆమె తీసి, నడిమధ్యలో కత్తి గుచ్చారు. కత్తి పొడిగా వచ్చింది. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నిలబడే ఒక చెంచా తిన్నారు. నాకు పెట్టడం మరిచిపోయారు. నేనూ అడగలేదు.

ఆదివారం నాడు అంతా టీచరు గారు చెప్పినట్టే చేశాను. వెడల్పు పళ్ళెం, వెచ్చటి పాలు, నలిపిన గింజలు. పైన బంగారం, లోపల మెత్తన, మధ్యలో గట్టి. కోస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది. మరదలు ఫోటో తీసుకుంది. నేను బల్ల చివర నిలబడి, పళ్ళెం లోతు గురించీ కింది కడ్డీ గురించీ చిన్న ఉపన్యాసం దంచాను. అందరూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మెచ్చుకోలుకు మాటలు దొరకడం లేదనుకున్నాను.

"అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు, నమిలి నమిలి. "అంతా బ్రహ్మాండం. ఉప్పు వేశావా?"

పప్పులో కాలేయడమంటే ఏమిటో మొక్కజొన్నలో తెలిసొచ్చింది. మా ఆవిడ లేచి ఉప్పు డబ్బా తెచ్చి, తన ముక్క మీద చల్లుకుని, డబ్బా పక్కకు అందించింది. "గట్టిపడింది కదా, అది చాలు" అంది. రెండో ముక్క కూడా వేసుకుంది. పళ్ళెం అంచుకు అంటుకున్నదంతా గీకి తిన్నది మాత్రం మా తోడల్లుడే.

సోమవారం షాపులో పాత రిజిస్టరు తీసి, "లోపం లేదు" అని నేను రాసిన ఇళ్ళన్నింటికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఒకాయన నేనెవరో చెప్పగానే పెట్టేశాడు. ఒకావిడ కొత్త ఓవెన్ కొనుక్కుందట, నాకు చెప్పనందుకు నాకే సారీ చెప్పింది. మూడో ఇంట్లో ఫోనెత్తినావిడ చాలాసేపు నవ్వింది.

"దాన్ని వాడటం ఎప్పుడో మానేశామండీ. మా పిల్లల బూట్లు పెట్టుకుంటున్నాం అందులో" అంది.

"ఒకసారి వచ్చి చూస్తానండీ. ఈసారి కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను" అన్నాను.

"రండి. కానీ ఒక గంటాగి రండి, బూట్లు తీసి తుడవాలి."

"మీరేం తీయకండి. నేనొచ్చి తీస్తాను" అని, ఒక పాత గుడ్డ వెతుక్కుని బయల్దేరాను.