గొలుసు లేని బండి

శివప్పను ఊళ్ళో ఎవరూ అబద్ధాలకోరు అనరు. కథలు చెప్తాడంటారు, అంతే. గొర్రెలు కాసే మనిషికి పగలంతా గుట్ట మీద మాటకు తోడుండదు. సాయంత్రం గుమ్మఘట్ట దారి పట్టి ఊళ్ళోకి దిగేసరికి నోట్లో నాలుగు కథలు ఊరి ఉంటాయి. తన గొంగడిని సుడిగాలి ఎత్తుకుపోయిందనీ, వెతుక్కుంటూ పోతే కణేకల్ ఇసుక దిబ్బల్లో ఎవరో దాన్ని పరుచుకుని తాంబూలాలు మార్చుకుంటున్నారనీ చెప్పాడు. బయ్యన్న తోటలో బోరు వేస్తుంటే బండ కింద నుంచి ఎవరో "ఎవరప్పా అది, పండుకోనీరా" అని కసిరారని చెప్పాడు. ఊరంతా నవ్వింది, బయ్యన్న తప్ప. బయ్యన్నకు ఆ బోరులోనూ దుమ్మే వచ్చింది మరి.

ఇన్ని కథల మధ్య శివప్ప ఒకే ఒక నిజం చెప్పాడు. దాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఎనభై ఆరులో ఇటలీ దొర ఒకడు ఎర్రటి మోటార్‌సైకిల్ మీద హంపికి పోతూ, పచ్చకామెర్లు ముదిరి ఈ ఊరి పొలిమేరలో పడిపోయాడు. నూరెకరాల ఆసామి బయ్యన్న అతన్ని మిద్దెలో పడుకోబెట్టి, పసరు పోయించి, మజ్జిగన్నం పెట్టించి మనిషిని చేశాడు. దొర లేచి నిలబడ్డాక బయ్యన్నకు దండం పెట్టి, బండి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, బెంగుళూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

తీరా బయ్యన్న బండెక్కితే అది ఉలకలేదు, పలకలేదు. వంగి చూశాడు. గొలుసు లేదు. సైకిలుకు సైతం ఉండే గొలుసు అంత పెద్ద బండికి లేకపోవడమేమిటి? బళ్ళారి నుంచి కొత్త గొలుసు తెప్పించాడు. తగిలిద్దామంటే పళ్ళ చక్రమూ కనపడలేదు.

"గొలుసు తీసినోడు పళ్ళ చక్రం కూడా మింగినాడు" అన్నాడు బయ్యన్న.

బండి ఉన్న కొట్టంలో పడుకునేది అప్పట్లో ఆయన దగ్గర జీతమున్న శివప్పే.

"గొలుసు మొదట్నుంచీ లేదన్నా" అన్నాడు శివప్ప. "దొర వచ్చిన నాడు బండి కడిగింది నేనే. కండ్లారా చూసినా."

"అట్లయితే ఇటలీ నుంచి ఈడిదాకా తోసుకుంటా వచ్చినాడా?"

ఊరు ఘొల్లుమంది. శివప్ప పీర్ల పండగ నాడు చావిడి ముందు నిలబడి ప్రమాణం చేశాడు. పీర్ల ముందు బొంకితే నోరు వంకరపోతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. శివప్ప నోరు వంకరపోలేదు. "ఆ నోటికి పీర్లు కూడా భయపడినాయి" అన్నారు.

అప్పటి నుంచీ అతను గొలుసు శివప్ప. రాయదుర్గం సంతలో పొట్టేళ్ళ బేరగాళ్ళకు కూడా అదే పేరు తెలుసు. నవ్వితే శివప్పకు కోపం లేదు; నవ్వించడానికే పుట్టానంటాడు. కానీ తన కథలకు నవ్వాలి గాని, తన నిజానికి నవ్వడమేమిటి? ఆ ఒక్క మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. ఎప్పటికైనా ఆ బండి నడిపి చూపించాలి. అదొక్కటే పంతం.

రెండువేల ఒకటిలో వానలు ముఖం చాటేశాయి. బయ్యన్న పశువుల్ని అమ్మి కొట్టం ఖాళీ చేయిస్తుంటే పాత ఇనుము కొనే టెంపో వచ్చింది. కబురు విన్న శివప్ప మందను గుట్ట మీదే వదిలి, కట్టెతో సహా పరుగెత్తుకొచ్చి టెంపోకు అడ్డం నిలబడ్డాడు. వేరుశనగ మేత కింద నుంచి అప్పుడే లాగిన బండి మీద జానెడు దుమ్ము. దుమ్ములోంచి రెండు సిలిండర్లు పొట్టేలు కొమ్ముల్లా చెరో పక్కకు పొడుచుకొచ్చి ఉన్నాయి.

"అన్నా, ఆ బండి నాకియ్యి."

"గొలుసు చాల్లేదా, బండి కూడా కావాల్నా?" అన్నాడు బయ్యన్న.

"ఊరికే వద్దు. నా పొట్టేలు తీసుకో."

బయ్యన్న పనివాళ్ళు చేతిలో పని ఆపేశారు. కుందుర్పి జాతరలో ఎదురొచ్చిన ప్రతి పొట్టేలునూ వెనక్కి నడిపించిన పొట్టేలు అది. బయ్యన్న దాన్ని ఎన్నిసార్లు అడిగినా శివప్ప తాడు వదల్లేదు.

"సరే" అన్నాడు బయ్యన్న మీసం నిమురుకుంటూ. "ఇంకో మాట. వచ్చే పీర్ల పండగకి ఈ బండి గొలుసు లేకుండా చావిడి ముందర నడవాల. నడవకపోతే, గొలుసు నేనే తీసినానని పీర్ల ముందర నువ్వు ఒప్పుకోవాల."

"నడిస్తే?"

"నీ మాటకి జన్మలో ఎదురు చెప్పను."

శివప్ప పొట్టేలు మెడ ఒకసారి తడిమి తాడు అందించాడు. బండిని ఇంటికి తోసుకెళితే పెళ్ళాం మారెక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"కొమ్ముల పొట్టేలునిచ్చి కొమ్ముల ఇనుము తెచ్చినావా? దీనికి మేత ఏం పెడతావు?"

"పెట్రోలు."

"మనమే సంగటి తింటాండాము, దానికి పెట్రోలా" అని లోపలికి పోయింది. కానీ మరుసటి రోజు బండికి నీడగా తన పాత చీర కట్టింది కూడా ఆమే.

గుమ్మఘట్టలో ఆయిలింజన్లు బాగుచేసే తిప్పేష్ వరసకు శివప్పకు మేనల్లుడు. వచ్చీ రాగానే బండి చుట్టూ తిరిగి, వంగి, "మామా, గొలుసు యాడ?" అన్నాడు.

"నువ్వు కూడానా" అన్నాడు శివప్ప.

పని మొదలైంది. గాలి పీల్చే గొట్టాల్లో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టి కాపురం పెట్టాయి. కార్బురేటర్లో పాత పెట్రోలు బెల్లపు పాకంలా గడ్డకట్టింది. ఎలుకలు వైర్లు కొరికేశాయి. బర్రె తోక వెంట్రుకతో కార్బురేటర్ సన్న రంధ్రాలు తెరిచారు. ట్యాంకులో గులకరాళ్ళు పోసి, శివప్ప దాన్ని వీపున కట్టుకుని మంద వెంట తిరిగాడు. సాయంత్రానికి తుప్పు రాలేది, ఆ గలగలకు గొర్రెలు వాటంతట అవే వెంట నడిచేవి. బిగుసుకున్న పిస్టన్లకు ఆముదం పోసి నానబెట్టారు. ఎండలు ముదిరాయి గాని ఇంజన్ మెత్తబడలేదు. "పట్టు వదిలెయ్ మామా" అని తిప్పేష్ అన్న ప్రతిసారీ శివప్ప ఇంకొంచెం ఆముదం పోశాడు.

ఆ ఖాళీ రోజుల్లోనే శివప్పకు భయం పట్టుకుంది. తను నిజంగా చూశాడా? గొంగడి మీద తాంబూలాల కథ కూడా ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ చూసినట్టే అనిపిస్తుంది. గొలుసు కూడా అలాంటిదేనేమో.

ఒకనాడు బండిని దిమ్మె మీదికి ఎత్తి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. చక్రం పక్కనున్న లావుపాటి గొట్టంలో ఏదో తిరుగుతున్నట్టు అరచేతికి తగిలింది. తిప్పేష్‌ని పిలిచాడు. చక్రం మధ్యలోని గుండ్రటి పెట్టెకున్న బోల్టు తీస్తే నల్లటి చిక్కటి నూనె కారింది. తిప్పేష్ చాలాసేపు దాన్ని వేలితో రాస్తూ కూర్చున్నాడు.

"మామా, జీపు అడుగున ఇరుసు తిరగదా? ఆ మాదిరి ఇరుసు ఈ గొట్టంలో ఉండాది. దీనికి గొలుసుతో పని లేదు. ఆ పొద్దు బ్యాటరీ చచ్చి మొరాయించి ఉంటాది, అంతే. అమ్మతోడు, నువ్వు చెప్పింది నిజం."

"ఒక్కడు నమ్మినాడు" అన్నాడు శివప్ప. మొహం కడుక్కోవడానికన్నట్టు తొట్టి దగ్గరికి పోయాడు.

పండగ వారం ఉందనగా ఆముదానికి పిస్టన్లు పట్టు వదిలాయి. పీర్ల పండగ పొద్దున చావిడి ముందు జనం కిటకిటలాడారు. పీర్లు ఇంకా ఎత్తలేదు. శివప్ప, తిప్పేష్ బండిని తోసుకొచ్చారు. బండి వెనక గోనెసంచిలో ట్రాక్టర్ బ్యాటరీ. బయ్యన్న నేల మీద మోకాళ్ళూని, రెండు పక్కలా వంగి చూశాడు.

"లేదు" అన్నాడు అందరికీ వినపడేలా. "గొలుసు లేదు. తొయ్యగూడదు."

శివప్ప మీట నొక్కాడు. గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. అంతే. జనంలో ఎవరో "పీర్లకి దండం పెట్టుకో గొలుసప్పా" అన్నారు. శివప్ప అటు చూడలేదు. ట్యాంకు మీద చెయ్యి వేసి, మందలో మొండికేసిన పొట్టేలుకు చెప్పినట్టు ఏదో గొణిగి, మూడోసారి నొక్కి పట్టుకున్నాడు.

బండి దగ్గింది. తెల్లటి పొగ, ఆముదం వాసన. తర్వాత డబడబమని పట్టుకుంది. శివప్ప యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ నిలబడ్డ చోటే బండి ఒక పక్కకు ఒళ్ళు విసిరింది, అచ్చం తాడు తెంపుకునే పొట్టేలులా. ముందు వరస జనం వెనక్కి జరిగారు.

గేరు పడింది. బండి కదిలింది. చావిడి చుట్టూ తిరిగి, గుమ్మఘట్ట దారిన మలుపు దాకా పోయి, వచ్చి బయ్యన్న కాళ్ళ ముందు ఆగింది. ఒక్కరూ నవ్వలేదు. మారెక్క మాత్రం, "గొలుసాయన పెండ్లాం అన్నోళ్ళు యాడ?" అని జనంలో కలియజూసింది.

బయ్యన్న తలపాగా తీసి దుమ్ము దులిపాడు. "నాదే తప్పు శివప్పా. పొట్టేల్ని తోలుకొనిపో."

"అది నీదే అన్నా. నాకు ఇది చాలు. ఎక్కు."

ఇద్దరూ కణేకల్ వైపు పోతున్నారు. రోడ్డుకు రెండు పక్కలా ఎండిన చేలు. ఊరు కనపడకుండా పోయాక వెనక నుంచి బయ్యన్న అతని భుజం తట్టాడు.

"అయితే శివప్పా... ఆ పొద్దు మా బోరులో కసిరింది..."

శివప్ప రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"కన్నడంలో కసిరినాడన్నా. నేనే తెలుగు చేసి చెప్పినా."

బండి ఒక మిట్ట ఎక్కి దిగింది. తర్వాత బయ్యన్న చెవి దగ్గరికి వంగాడు.

"నీళ్ళు ఏ పక్క ఉండాయో అడిగినావా?"

"అడగకుండా ఉంటానా? మేమే మీ బోరులో నీళ్ళ కోసం ఎదురుచూస్తాండాము, పడితే రెండు బిందెలు కిందికి పంపమన్నాడు."