బీరువా వాల్చిన రోజు

నువ్వు పుట్టినప్పటి సంగతి చెప్తాను, బుజ్జమ్మా. ఈ తాత మెల్లగా చెప్తాడు, నువ్వూ మెల్లగానే రాయి.

నువ్వు నెలలు నిండకుండానే పుట్టేశావు. ఆసుపత్రివాళ్ళు నిన్ను గాజు పెట్టెలో పెట్టారు. ముక్కుకో గొట్టం, కాలికో తీగ. నా అరచేతిలో ఇమిడిపోయేదానివి. మీ అమ్మ పక్క వార్డులో, లేవలేక పడుకుని ఉంది. నేనేమో గాజు ముందు నిలబడి నీ పొట్ట లేస్తోందా లేదా అని చూస్తూ ఉండేవాణ్ణి. నేను రెప్ప వేస్తే నీ ఊపిరి ఆగిపోతుందని భయం. నేను చూస్తుంటేనే అది ఆడుతున్నట్టు! తిండి లేదు, నిద్ర లేదు.

"పెద్దాయనా, కాస్త జరగండి, మేమూ చూడాలిగా పాపని," అని నర్సమ్మ విసుక్కునేది.

పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. "భారం ప్రభువు మీద వేసెయ్యండి," అన్నారు. వేశానండి అన్నాను. ఆయన ఆమెన్ అనడం, నేను మళ్ళీ ఎత్తుకోవడం.

నా పని నీకు తెలుసుగా, ఇళ్ళు మారేవాళ్ళ సామాను మొయ్యడం. మీ అమ్మమ్మ తమ్ముడూ నేనూ జత. ఆ పొద్దున మీ అమ్మమ్మ నన్ను ఆసుపత్రి నుంచి తరిమేసింది. "గోడకి కొట్టిన మేకులాగా ఇక్కడుండి ఏం చేస్తావు? పనికి పో. నేను లేనా?" అంది.

వెళ్ళాను. మేడ మీంచి ఇనప బీరువా దింపాలి. మెట్లు ఇరుకు. బావమరిది కింద, వెనక్కి నడుస్తూ. నేను పైన. మెట్ల మీద ఎప్పుడూ కిందవాడి మీదే బరువు పడుతుంది. పైవాడు పట్టు వదలకుండా, దారి చూస్తూ వాల్చాలి, అంతే. ఇన్నేళ్ళూ చేసిన పనే. ఆ రోజు మాత్రం వాల్చలేదు. పైకి లాగి పట్టుకున్నాను. మలుపు దగ్గర ఇరుక్కుపోయింది. చెమట కళ్ళలోకి కారుతోంది.

కింద నుంచి వాడు, "బావా, బీరువాని అలా వాటేసుకున్నావేంటి? అక్కకి చెప్పమంటావా?"

"పడిపోతుందిరా!"

"ఎక్కడ పడుతుంది? కింద నేను లేనా? నువ్వు లాగుతుంటే నా మీదకి బరువే రావట్లేదు. వాల్చు."

"వాల్చేదా?"

"వదిలెయ్యమనట్లేదు బాబూ. పట్టుకునే ఉండు. వాల్చు."

వాల్చాను. బరువు నా భుజాల మీంచి వాడి మీదకి పోయింది. బీరువా మలుపు తిరిగింది. కిందకి దించాక నేను మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను.

"కాలి మీద పడిందా బావా?" అని వాడి కంగారు.

"లేదురా. ఆసుపత్రికి పోదాం పద," అన్నాను.

మీ అమ్మ వార్డు బయట బల్ల మీద కూర్చున్నాను. "ప్రభువా, నీకిచ్చానని చెప్తూనే ఇన్నాళ్ళూ పైకి లాగుతున్నాను. కింద నువ్వున్నావు. పాపని వాలుస్తున్నాను. చెయ్యి తియ్యను, నా పని నేను చేస్తాను. బరువు నీది," అన్నాను. ఆమెన్ అన్నానో లేదో గుర్తులేదు. నిద్ర పట్టేసింది.

నా గురక సంగతి నీకు తెలుసు. నర్సమ్మ లేపబోయిందట. మీ అమ్మ మంచం మీంచే, "లేపకండి సిస్టర్. అమ్మా, విన్నావా? నాన్న నిద్రపోతున్నాడు," అని, అటు తిరిగి తనూ కళ్ళు మూసుకుందట. నువ్వు పుట్టాక దానికి కంటినిండా నిద్ర అదే మొదలు.

నేను లేచేసరికి పొద్దు వాలింది. నా క్యారేజీ నా బావమరిది ఖాళీ చేసేశాడు. గాజు దగ్గరికి వెళ్ళాను. అదే గొట్టం, అదే తీగ. ఏమీ మారలేదు. నా ఒళ్ళు మాత్రం తేలిగ్గా ఉంది. నర్సమ్మకి చోటిచ్చి పక్కకి జరిగాను.

నువ్వు ఇంటికి రావడానికి ఇంకా చాలా రోజులే పట్టింది. అన్ని రోజులూ పనికెళ్ళాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. నా గురకకి వార్డంతా లేస్తోందని మీ అమ్మమ్మ నన్ను వరండా చివరి బల్లకి మార్చింది.