బోరు పక్కన పాతిన సెన్సర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఊరంతా ఎరిగిన సంగతే. కానీ ఆ రోజు నాది కోపం కాదు, పిచ్చి.

పెద్దవంగర దగ్గర నాకూ మా తమ్ముడు తిరుపతికీ కలిపి ఒకటే బోరు. ఇదివరకు పూటకొకరం వంతు వేసుకునేవాళ్లం. ఈ ఏడు ఇద్దరి మిర్చి తోటల్లోనూ మట్టిలో తడి చూసే సెన్సర్లు పాతారు. ఏ తోట ఎండితే నీళ్లు వాటంతటవే ఆ తోటకు మళ్లుతాయి. తీరా చూస్తే పది రోజులుగా నీళ్లన్నీ తిరుపతికే. పూత మీదున్న నా చెట్లు వాడిపోయాయి. ఇంకో రెండు రోజులైతే ఏడాది పంట గంగలో కలిసేది. సెన్సర్ లెక్క చూపే ఫోను మాత్రం నా చేను తడిగా ఉందనే చూపిస్తోంది. దాని మొహం!

ఇది తిరుపతి పనే అనుకున్నాను. పార పట్టుకుని గెట్టు దాటాను.

“ఏం జేసినవ్‌రా మిషన్‌ను?”

“నేనేం జేస్త అన్నా? జర ఆగు, గంత పరేషాన్ ఎందుకు?” అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. పార కట్టెతో దవడ మీద ఒక్కటిచ్చాను. వాడు లేచి నా గొంతు పట్టాడు. ఇద్దరం మిర్చి చెట్ల మీద పడి దొర్లాం. నా పెదవి పగిలి నోరంతా నెత్తురు. మోకాలితో పొట్టలో తన్ని విడిపించుకుని మళ్లీ పార ఎత్తాను, ఈసారి అంచుతో. వాడు తలకు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అయినా ఆగలేదు, ఇంకోటి వేశాను.

సెన్సర్లు పాతిన స్రవంతి, నేను పొద్దున ఫోన్ చేసి తిడితే వచ్చిన పిల్ల, అప్పుడే బండి దిగింది. చున్నీతో తిరుపతి చేతికి కట్టు కట్టి, ఆటో ఎక్కించి, నా వైపు తిరిగింది.

“నీ సెన్సర్ చేన్ల లేదేంది?”

“దొంగలు ఎత్కపోతరని బోరు పక్కకు మార్చిన.”

“అయ్యో అన్నా! ఆడ పైపు కారి ఎప్పుడు బురదే గదా! గది నీ చేనును ఎట్ల చూస్తది?”

పార అక్కడే పడేసి, స్రవంతి బండెక్కి ఆటో వెనకాలే పోయాను.

మహబూబాబాద్ దవాఖానలో తిరుపతి కుడిచేతి వేళ్లకు ఇక పట్టు రాదన్నారు. పోలీసు అడిగితే వాడు గోడ వైపు చూస్తూ, “గెట్టు మీద జారిపడ్డ సారూ,” అన్నాడు.

వాడి భార్య సుశీల ఊరుకోలేదు. కాలి చెప్పు తీసి అందరి ముందూ నా మొహం మీద కొట్టింది. “జారిపడ్డడా బావా? గట్లనే పడ్డడా?” కొట్టిన ప్రతిసారీ అదే అడిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“నేనే కొట్టిన సార్,” అన్నాను చివరికి.

“ఊకో అన్నా,” అంటూ తిరుపతి ఏడ్చాడు. సుశీల మళ్లీ కొట్టింది.