తడి ఆరని కుర్చీ

ఇటు జరుగు కరుణా, నా మోకాలికి ఆనుకొని కూర్చో. మీ తాత అల్లిన చివరి కుర్చీ సంగతి చెప్తాను.

ఆ పొద్దున కూడా తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీలోకి ఆయన ముందు, పేము చుట్ట పట్టుకొని నేను వెనుక నడిచాం. నలభై ఏళ్లుగా అదే దారి. లైబ్రరీ వరండాలో ముప్పై టేకు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. అల్లిక తెగింది గానీ కాళ్లు రాయిలా ఉన్నాయి. లోపలికి ప్లాస్టిక్‌వి వచ్చేశాయి. పాతవాటిని తుక్కుకింద తీసుకుపోవడానికి మరునాడు లారీ వస్తుంది. లైబ్రరీ చూసుకొనే కృపారాణి మేడమ్‌కు మనసొప్పక, ఒక్కటి అల్లి చూపమంది. అది మనిషి బరువు ఆపితే అన్నీ ఉంటాయి.

మీ తాత కుడి బొటనవేలి గోరు పేము లాగిలాగి నడిమికి చీలి, అట్లాగే గట్టిపడింది. నేను పేము బద్దలు నానబెట్టి అందిస్తుంటే, చట్రం బెజ్జాల్లో దూర్చి, జారకుండా చిన్న చెక్క మేకులు గుచ్చి, అడ్డం, నిలువు, ఏటవాలు అల్లుతూ పోయాడు. రెండుసార్లు ఛాతీ రుద్దుకున్నాడు. ఏమైందంటే ఎండ అన్నాడు. కూర్చున్నది నీడలో. నేను నమ్మాను చూడు.

నాలుగింటికి మేడమ్ వచ్చి అరచేత్తో నొక్కింది. అల్లిక కిందికి దిగింది. ఆమె ముఖం చిన్నబోయింది.

"తడి మీద గట్లనే ఉంటది మేడమ్. రాత్రంత ఆరనీయండ్రి, పొద్దుగాల డప్పు లెక్క మోగుతది."

"లారీ ఏడింటికే వస్తుంది, నర్సయ్య గారూ."

"ఆరింటికి కూసోండ్రి. ముందుగాల కూసుంటే సాగుతది, మల్ల నన్ను అనొద్దు."

ఆమె నవ్వి, కుర్చీని తన గదిలో పెట్టించుకుంది. ఎప్పటిలాగే మీ తాత దాని చేతిమీద చెయ్యి వేసి, దాన్ని చేసిన, తానెన్నడూ చూడని వడ్రంగితో మాట్లాడాడు.

"మంచి కట్టె ఇచ్చినవన్నా. నీ పుణ్యాన ఇన్నేండ్లు తిన్నం."

నాకెన్నడైనా అట్లా చెప్పావా అని దెప్పాను.

"నువ్వు నానబెట్టిన బద్ద ఒక్కటి ఇరగలే," అన్నాడు. "గంతకన్న ఏం జెప్పాలె?"

లాలాగూడ ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. అంతే బిడ్డా.

మూడోనాడు మేడమ్ మా ఇంటికొచ్చింది. ఆరింటికి వేలితో కొడితే టక్కుమన్నదట. కూర్చుని, లారీ వచ్చేదాకా లేవలేదట. లారీ ఖాళీగా పోయింది. మిగతావి నెమ్మదిగా నేనే అల్లాను. ప్లాస్టిక్‌వాటి కాళ్లు రెండేళ్లకే విరిగాయి. నువ్విప్పుడు ఆ లైబ్రరీలో పరీక్షలకు చదివేది మీ తాత కాపాడిన కుర్చీల్లో కూర్చొనే.

వాటిలో మొదటి కుర్చీ ఏదో నీకు తెలియాలి. ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పు, నీ తర్వాతి వాళ్లకూ చెప్పమను. గుర్తు చెప్తాను విను. అల్లిక పూర్తయ్యాక మేకులన్నీ పీకి జేబులో వేసుకొనే మనిషి, ఏనాడూ మరిచినవాడు కాదు. ఆ కుర్చీ వెనుక మూల బెజ్జంలో మాత్రం ఆయన చెక్క మేకు ఒకటి ఇంకా ఉంది.